సదరం క్యాంపుకి ఇస్త్రీ చొక్కా వేసుకెళ్ళకూడదా?

మానసిక జబ్బున్న మా అన్నయ్యని మొన్న సదరం క్యాంపుకి తీసుకెళ్ళాం, వైకల్యం ఎంత శాతమో చూసి సర్టిఫికెట్ ఇచ్చే క్యాంపు అది. సచివాలయంలో స్లాట్ బుక్ చేశారు, పొద్దున తొమ్మిదింటికల్లా ఉండమన్నారు, అమ్మ నాలుగింటికే లేచి కూర్చుంది. ముందురోజే మంగలి షాపుకి పంపి గడ్డం గీయించింది, నా పెళ్ళికి కుట్టించిన లేత నీలం చొక్కా బీరువాలోంచి తీసి ఇస్త్రీ చేసి పెట్టింది, నలభై రెండేళ్ళ మనిషికి తలకి నూనె రాసి పాపిడి తీసి దువ్వింది. అన్నయ్య కూడా బుద్ధిగా కూర్చున్నాడు లైన్లో, టోకెన్ పిలిచేదాకా కదల్లేదు.

లోపల రెండు మూడు నిమిషాలు అంతే. డాక్టరుగారు స్నానం ఎవరు చేయిస్తారమ్మా అన్నారు. వాడే చేసుకుంటాడు సార్ అంది అమ్మ. పనేమన్నా చేస్తాడా అంటే టీ కొట్లో ఉంటాడు సార్ అంది. అందరితో మాట్లాడతాడా అంటే మా వాడు ఎవర్నీ ఒక్క మాట అనడు సార్ అంది, అదీ గర్వంగానే. నేను పక్కనే ఉండి కూడా నోరు తెరవలేదు, అదే నా తప్పు. పర్సంటేజీ 40 లోపు పడింది, పింఛను లేదు.

తర్వాత తెలిసినాయన ఒకరు అర్థమయ్యేలా చెప్పారు. మానసిక జబ్బులకి ఐడియాస్ అని ఒక స్కేలు వాడతారంట. తన పనులు తను చేసుకోవడం, నలుగురితో మసలుకోవడం, మాట కలపడం అర్థం చేసుకోవడం, ఉద్యోగం లేదా ఇంటి పని, ఈ నాలుగింటికీ ఒక్కోదానికి సున్నా నుంచి నాలుగు దాకా మార్కులు, ఎంత చేతకాకపోతే అన్ని ఎక్కువ, జబ్బు ఎన్నేళ్ళ నుంచి ఉందో దానికి ఇంకో నాలుగు దాకా. మొత్తం ఏడు వస్తే 40 శాతం. పదేళ్ళు దాటితే ఏళ్ళకే నాలుగూ వచ్చేస్తాయి, అన్నయ్యకి పదిహేనేళ్ళ పైనే. అంటే మిగతా నాలుగింటిలో కలిపి మూడొస్తే చాలు, ఆ మూడూ అమ్మ గుమ్మం దగ్గరే వదిలేసొచ్చింది.

స్నానం సంగతి నిజం ఏంటంటే, అమ్మ బకెట్ నింపి బాత్రూమ్ తలుపు బయట నిలబడి సబ్బు రాసుకో నాన్నా, ఇప్పుడు నీళ్ళు పోసుకో నాన్నా అని ఒక్కోటీ చెప్తుండాలి, లేకపోతే కుళాయి కింద నీళ్ళు పొర్లిపోతుంటే వాటినే చూస్తూ గంటసేపైనా నిలబడిపోతాడు. అది మా అమ్మ లెక్కలో వాడే చేసుకున్నట్టు.

టీ కొట్టు సంగతి కూడా చెప్పాలి. ఊళ్ళో బాబాయ్ అని పిలుస్తాం ఆయన్ని, చుట్టం కాదు. ఆరేళ్ళ కిందట ఊరికే కూర్చోబెట్టుకున్నాడు, తర్వాత గ్లాసులు కడగమన్నాడు, మధ్యాహ్నం పంపించేటప్పుడు ముప్ఫై రూపాయలు చేతిలో పెడతాడు. నిరుడు ఒకరోజు నాకు ఫోన్ చేసి, అమ్మాయ్, అబ్బాయి కడిగిన గ్లాసులే మళ్ళీ మళ్ళీ కడుగుతున్నాడు, మాత్రలు వేసుకుంటున్నాడా లేదా ఒకసారి చూడు అన్నాడు. చూస్తే పన్నెండు రోజుల రిస్పెరిడోన్ మాత్రలు దిండు గలీబులో ఉన్నాయి. చేతులు వణుకుతున్నాయని మానేశాడంట, ఎవరికీ చెప్పలేదు. ఏ డాక్టరూ కనిపెట్టేవాడు కాదు, ఎందుకంటే డాక్టరుని చూసేది నెలకోసారి.

మొదట్లో మేమూ అందర్లాగే గాలి సోకిందనుకున్నాం, ఏఎస్ పేట దర్గాలో నలభై రోజులు ఉన్నాం. తప్పనిపించదు ఇప్పటికీ, అక్కడ మా అన్నయ్యని ఎవరూ వింతగా చూడలేదు. కానీ 2001లో తమిళనాడులో ఎర్వాడి దర్గా ఊళ్ళో, జబ్బు నయం చేయించడానికి తెచ్చి గొలుసులతో కట్టేసినవాళ్ళు 28 మంది మంటల్లో చచ్చిపోయారని తర్వాత తెలిసినప్పుడు ఒళ్ళు జలదరించింది. 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టంలో గొలుసులు వెయ్యకూడదని స్పష్టంగా ఉంది. అదే చట్టంలో సీహెచ్‌సీ, అంటే సామాజిక ఆరోగ్య కేంద్రం నుంచి పైన ప్రతి ప్రభుత్వాసుపత్రిలో, అవసరమైన మందుల లిస్టులో ఉన్నవి ఎప్పుడూ ఉచితంగా దొరకాలని కూడా ఉంది. మాకు దగ్గర సీహెచ్‌సీలో అడిగితే ఈ మాత్రలు మా దగ్గరికి రావమ్మా, జిల్లా ఆసుపత్రికి వెళ్ళండి అంటారు. రెండు బస్సులు మారాలి, అమ్మకి ఒకరోజు కూలి పోవాలి, అక్కడా ఒక్కోసారి పది రోజులకే ఇస్తారు. ఆసుపత్రికీ ఇంటికీ మధ్య కొన్నాళ్ళు ఉండే హాఫ్ వే హోములు, తోడుండి చూసుకునే వసతి, అవి కూడా ప్రభుత్వమే ఏర్పాటు చెయ్యాలని రాసుంది. అమ్మ పోయాక వీడెక్కడ అని నేను రాత్రిళ్ళు ఆలోచించేది దాని గురించే.

14416 మాత్రం పనికొచ్చింది, ఒప్పుకోవాలి. 2022లో మొదలైన టెలీమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ నంబరు, ఇరవైనాలుగ్గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. ఆ మాత్రలు దిండులో దొరికిన వారంలోనే అన్నయ్య మూడు రాత్రులు నిద్రపోకుండా టీవీలో నా గురించే చెప్తున్నారని రిమోట్ పగలగొట్టాడు, నేను హైదరాబాద్‌లో ఉన్నాను, అర్ధరాత్రి రెండింటికి ఆ నంబరుకే చేశా. ఒకమ్మాయి నిదానంగా మాట్లాడింది, అతనితో వాదించొద్దని మీ అమ్మగారికి చెప్పండి, ఆవిడ్ని ఒంటరిగా ఉంచకండి, పొద్దున్నే ఆసుపత్రికి తీసుకెళ్ళండి అంది. అంతా సరే, తీసుకెళ్ళేదెవరు? మళ్ళీ టీ కొట్టు బాబాయే, ఇంకో ఇద్దర్ని వెంటబెట్టుకుని, షాపు మూసేసి, ఆటోలో. ఆయన మధ్యలో, అన్నయ్య చెయ్యి పట్టుకుని దారంతా క్రికెట్ గురించి మాట్లాడాడంట.

ఇప్పుడు మళ్ళీ పరీక్ష చెయ్యమని అప్లై చేశాం. 40 వస్తే నెలకి ఆరువేలు, ఒకటో తారీఖున ఇంటికే తెచ్చిస్తారు, బస్సు ఖర్చులకీ మందులకీ సరిపోతుంది. సచివాలయంలో అబ్బాయి మంచివాడే, మన మేలు కోరే చెప్పాడు, ఈసారి గడ్డం గీయించకండక్కా, మాసిన బట్టలతో తీసుకురండి అని. మందులు వేసి మనిషిని నిలబెట్టుకుంటే మార్కులు తగ్గుతాయి, వదిలేస్తే పెరుగుతాయి, ఇదేం లెక్కో నాకు అర్థంకాదు.

అమ్మకి ఫోన్లో ఆ మాట చెప్పా. కాసేపు పలకలేదు. తర్వాత, బాత్రూమ్ సంగతి ఉన్నదున్నట్టు చెప్తాలే, గ్లాసులు కడగడం కూడా గంటకన్నా ఎక్కువ చెయ్యలేడని చెప్తా, మాసిన చొక్కా మాత్రం వెయ్యను అంది. నీలం చొక్కాకి పైన గుండీ ఊడిందంట, వచ్చేటప్పుడు అదే రంగు గుండీలు దొరుకుతాయేమో చూసి పట్రమ్మంది.