గ్యాసు పొయ్యి మీద ప్లైవుడ్

హనుమకొండలో నయీంనగర్ నాలాకు దగ్గరగా ఇల్లున్నవాళ్లు వంటగదికి అల్మారాలు చేయించాలంటే రంగులూ డిజైన్లూ తర్వాతి మాట, ముందు నీళ్లు గుర్తొస్తాయి. 2020 ఆగస్టులో ఒకసారి, 2023 జూలైలో మరోసారి మా వీధి మునిగింది. రెండోసారి నీళ్లు తీశాక సింకు కింది తలుపును లాగితే బందులతో సహా చేతిలోకి వచ్చింది. అందుకే 2024లో కొత్తవి చేయించినప్పుడు నీళ్లను తట్టుకుంటుందనే మెరైన్ ప్లైవుడ్ తప్ప మరొకటి వద్దన్నాను. మామూలు రకానికీ దానికీ ధరలో చాలా తేడా ఉంది. ఆ తేడా కట్టాను. ఏడాది తిరిగేసరికి సింకు కింద అడుగుపలక పొంగిన పూరీలా లేచింది. మళ్లీ వరద రాలేదు, పైపు కారలేదు. గిన్నెలు కడిగేటప్పుడు చిందే నీళ్లే.

వడ్రంగి వచ్చి చూసి, "నీళ్లు తగిలాయి సార్" అన్నాడు. నీళ్లు తగలని చోటైతే నాకు మెరైన్ ఎందుకయ్యా అంటే నవ్వి ఊరుకున్నాడు. పనిమంతుడు, అతని పనికి వంక పెట్టలేను. ఏ దుకాణంలో కొనాలో చెప్పింది కూడా అతనే. షీటుకు ఇంత అని వడ్రంగులకు ముట్టజెప్పే దుకాణాలు ఉన్నాయంటారు. అతనికి ముట్టిందో లేదో నేను అడగలేదు.

దుకాణదారు మాట మరీ ఘోరం. "వంటింట్లో నీళ్లు పోసుకుని మమ్మల్ని అడిగితే ఎలా సార్? చెక్క అన్నాక ఉబ్బుతుంది" అన్నాడు. పైగా బిల్లు అడుగున అచ్చేసిన వాక్యం మీద వేలు పెట్టి చూపించాడు: అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు. ఈ వాక్యాన్ని చూసి వెనుదిరిగే జనం ఎంతమందో! 2019 వినియోగదారుల రక్షణ చట్టం 2020 జూలై 20 నుంచి అమల్లో ఉంది. లోపమున్న సరుకును వెనక్కి తీసుకోనని మొండికేయడం, అసలు బిల్లే ఇవ్వకపోవడం, రెండూ ఆ చట్టం దృష్టిలో అనుచిత వ్యాపార పద్ధతులే.

బిల్లు గురించి ఒక మాట చెప్పాలి. కొన్న రోజు కౌంటర్‌లోని కుర్రాడు తెల్లకాగితం మీద లెక్క వేసి ఇచ్చాడు. పక్కా బిల్లు కావాలంటే పద్దెనిమిది శాతం అదనం అన్నాడు. పన్ను కడతాను, బిల్లే ఇవ్వమన్నాను. తీరా అందులో '19 ఎంఎం ప్లై' అని మాత్రమే ఉంది. 'మెరైన్, ఐఎస్ 710' అని రాయించేదాకా అక్కడి నుంచి కదలలేదు. ఐఎస్ 710 అంటే మెరైన్ ప్లైవుడ్‌కు ఉన్న భారతీయ ప్రమాణం సంఖ్య. వెంట వచ్చిన మా బావమరిది సిగ్గుతో బయటికి వెళ్లి నిలబడ్డాడు. మొత్తం వ్యవహారంలో నాకు అక్కరకొచ్చింది ఆ నాలుగు అక్షరాలే.

ఉద్యోగం చేసినన్నాళ్లూ డిగ్రీ కళాశాల రసాయనశాస్త్ర ప్రయోగశాలలో గడిపినవాణ్ణి. జిగురు అనగానే నాకు ఆసక్తి పుట్టింది. ప్లైవుడ్ అంటే పలుచని చెక్క పొరలను ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా పేర్చి అతికించిన పలక. నీటి దగ్గర దాని ఆయుష్షు తేల్చేది చాలావరకు జిగురే. గదుల్లో వాడే ఎంఆర్ (మాయిశ్చర్ రెసిస్టెంట్) రకానికి సాధారణంగా యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురు వాడతారు. గాలిలోని తేమను ఓర్చుకుంటుంది కానీ మరిగే నీళ్లలో నిలవదు. ఆ రకం ఐఎస్ 303 ప్రమాణం కిందికి వస్తుంది. మెరైన్ రకానిది ఫినాల్ ఫార్మాల్డిహైడ్. ఐఎస్ 710 ప్రకారం దాని ముక్కను 72 గంటలు మరిగించినా పొరలు ఊడకూడదు. కోసిన అంచును వెలుతురులో పెట్టి చూస్తే ఫినాల్ జిగురు ముదురు గోధుమరంగు గీతలా కనిపిస్తుంది, యూరియా జిగురు పాలిపోయి ఉంటుంది. రంగు కలిపి కళ్లు కప్పేవాళ్లూ ఉంటారు కాబట్టి గీతను చూసి మాత్రమే నమ్మడానికి వీల్లేదు.

అటక మీద మిగిలిన ముక్క ఒకటి ఉంది. దాని అంచున గీతలు పాలిపోయి ఉన్నాయి. రెండు అంగుళాల చదరం కోసి, గిన్నెలో నీళ్లు పోసి పొయ్యి మీద పెట్టాను. మా ఆవిడ వంటింట్లోకి వచ్చి మూత తీసింది. "పప్పు వండే గిన్నెలో చెక్క ఉడకేస్తారా? ఇక ఆ గిన్నె మీరే ఉంచుకోండి" అంది. ఆ గిన్నె ఇప్పటికీ నాదే. మధ్యాహ్నం భోజనాల వేళకు ముక్క అంచులు విచ్చుకున్నాయి. పటకారుతో పట్టుకుని లాగితే పై పొర తడిసిన అట్టలా ఊడివచ్చింది. దాని కింద మధ్య పొరలో వేలు దూరేంత ఖాళీ. అక్కడ చెక్కే లేదు. ఫొటోలు తీసి పెట్టుకున్నాను. 72 గంటల మాట అటుంచి, ఒక పూట ఆగలేదు.

ఇంట్లో ఉడికించిన ముక్క ఎవరి ముందూ సాక్ష్యం కాదని నాకు తెలుసు. ఫిర్యాదు వేస్తే, అవసరమైనప్పుడు జిల్లా వినియోగదారుల కమిషనే గుర్తింపు పొందిన ప్రయోగశాలకు నమూనా పంపిస్తుంది. అందుకే మిగతా ముక్కను ముట్టుకోలేదు. ముద్ర కూడా దాని మీదే ఉంది. ఐఎస్ఐ గుర్తుకు పైన ప్రమాణం సంఖ్య, కింద 'సీఎం/ఎల్'తో మొదలయ్యే లైసెన్సు సంఖ్య ఉంటాయి. ఆ సంఖ్యను, ఈ గుర్తు ఇచ్చే భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) వారి 'బీఐఎస్ కేర్' యాప్‌లో కొడితే లైసెన్సు ఎవరిదో, అమల్లో ఉందో లేదో తెలుస్తుంది. నా షీటు మీది సంఖ్యకు యాప్‌లో వచ్చిన పేరు వేరొక సంస్థది. దాని లైసెన్సు గడువు కూడా ముగిసింది. ఇది నాసిరకం సరుకు స్థాయి దాటిన సంగతి. గుర్తును అక్రమంగా వాడినందుకు 2016 నాటి బీఐఎస్ చట్టంలో రెండేళ్ల వరకు జైలు, లేదా మొదటి తప్పుకే కనీసం రెండు లక్షల రూపాయల జరిమానా ఉన్నాయి.

మా బావమరిది మాత్రం ఎప్పటి పాటే పాడాడు: "ఆ తిరుగుడు ఖర్చుతో ఇంకో రెండు షీట్లు వస్తాయి కదా బావా." తిరుగుడు ఎక్కడుంది? కొన్న సరుకు విలువ ఐదు లక్షలు మించకపోతే జిల్లా కమిషన్‌లో ఫీజు లేదు. వకీలును పెట్టుకోవాలన్న నియమం లేదు. మనం ఉంటున్న జిల్లాలోనే వేయవచ్చు, తయారీదారు వేరే రాష్ట్రంలో ఉన్నా ఇక్కడికే సమాధానం చెప్పుకోవాలి. గడువు రెండేళ్లు. ఇప్పుడు 'ఇ-జాగృతి' వెబ్‌సైట్‌లో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు.

అయినా నేరుగా అక్కడికి పోలేదు. ముందు 1915కు ఫోన్ చేశాను. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులోనూ మాట్లాడతారు. ఫిర్యాదుకు ఒక నంబరు ఇచ్చి కంపెనీకి పంపిస్తారు. రాజీకి ప్రయత్నం చేస్తారే తప్ప ఆదేశించే అధికారం వాళ్లకు లేదు. కంపెనీ నుంచి వచ్చిన జవాబు ఒకే వాక్యం: సరుకు సరిగా వాడలేదు. సరే అని దుకాణానికీ, షీటు మీద పేరున్న కంపెనీకీ రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరాలు రాశాను. కోపం ఒక్క ముక్క కూడా రాయలేదు. బిల్లు సంఖ్య, తేదీ, ఐఎస్ 710 అని బిల్లులో ఉన్న మాట, యాప్‌లో కనిపించిన వివరాలు, నేను అడుగుతున్న మొత్తం, పదిహేను రోజుల గడువు. అంతే. మొత్తంలో షీట్ల ధరతో పాటు సన్‌మైకా ఖర్చు, వడ్రంగి కూలీ కూడా కలిపాను. పలక మార్చాలంటే అల్మారా అంతా విప్పాలి కదా, ఆ ఖర్చు ఎవరు భరిస్తారు?

దుకాణం నుంచి ఫోన్ వచ్చింది, రెండు షీట్లు మారుస్తామని. ఏ షీట్లు అంటే అవే అన్నారు! వద్దని చెప్పి, గడువు దాటాక కమిషన్‌లో వేశాను. గుర్తు సంగతి బీఐఎస్ యాప్‌లో విడిగా ఫిర్యాదు చేశాను. ఈ రెండూ ఒకటే అనుకుంటారు చాలామంది. కమిషన్ నా డబ్బు సంగతి చూస్తుంది. బీఐఎస్ ఆ ముద్ర సంగతి చూస్తుంది.

నోటీసు అందాక యజమాని స్వయంగా మా ఇంటికి వచ్చాడు. చెక్క అన్నాక ఉబ్బుతుందన్న మనిషే, చాయ్ తాగుతూ పలకను తట్టి చూసి, సరుకు పంపినవాడు తననూ మోసం చేశాడన్నాడు. నిజమే కావచ్చు. అయితే వాడి మీద ఆయన కూడా రాసుకోవాలి కదా, చిరునామా ఆయన దగ్గరే ఉంటుంది. షీట్ల ధర, సన్‌మైకా, కూలీ మొత్తం ఇస్తానన్నాడు. కాగితం మీద రాసి సంతకం పెట్టించుకున్నాను. డబ్బు బ్యాంకు ఖాతాలో పడ్డాకే కమిషన్‌కు రాజీ సంగతి తెలిపాను.

గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ, "సార్, ఆ బీఐఎస్‌ది కూడా వాపసు తీసుకుంటే బాగుంటుంది" అన్నాడు. మన రాజీ నా డబ్బు వరకే, ముద్ర నాది కాదు, దాని మీద వాళ్లు చేసే విచారణను ఆపమనడానికి నేనెవరిని అన్నాను.