కుకీలో నెయ్యి, బెల్లం, కాస్త మొండితనం

"అమ్మా, ఇది కుకీలా లేదు, ప్రసాదంలా ఉంది" అని పిల్ల ఒక ముక్క కొరికి పక్కన పెట్టేస్తే మనసు చివుక్కుమంటుంది. కానీ ఆ మాటలో సగం నిజమే. వెన్నకు బదులు అంతే బరువు నెయ్యి వేసి, పంచదార మొత్తం తీసేసి బెల్లం కలిపి, పైన యాలకుల పొడి గుప్పిస్తే అది కుకీగా నిలబడదు. తప్పు మన రుచిది కాదు, కొలతది.

వెన్నలో కొవ్వు సుమారు 80 శాతం, మిగిలినదాంట్లో ఎక్కువ భాగం నీరే. నెయ్యి దాదాపు అంతా కొవ్వే. కాబట్టి 100 గ్రాముల వెన్న అని ఉన్నచోట 80 గ్రాముల నెయ్యి, ఒక టేబుల్ స్పూన్ పాలు చాలు. అంతకు మించితే కుకీలు ట్రే మీద పరుచుకుపోతాయి, చేత్తో పట్టుకుంటే పొడిపొడిగా రాలిపోతాయి. నెయ్యి పేరుకునే ఉండాలి, వేలితో నొక్కితే దిగేంత మెత్తగా. కరిగిన నెయ్యిలో గాలి నిలవదు.

మొదటిసారి చేసేవాళ్ళకి నేను చెప్పే కొలత ఇది: మైదా 120 గ్రాములు, శెనగపిండి 30, పేరిన నెయ్యి 90, పంచదార పొడి 75, బేకింగ్ పౌడర్ పావు టీస్పూన్, చిటికెడు ఉప్పు. కప్పుల్ని నమ్మకండి. దేశాన్ని బట్టి కప్పు సైజు మారుతుంది, పిండి నొక్కి నింపితే ఒకలా, వదులుగా పోస్తే ఇంకోలా తూగుతుంది. చిన్న కాటా ఒకటి కొనుక్కోండి.

నెయ్యి, పంచదార పొడి తెల్లబడి నురగలా అయ్యేదాకా నాలుగైదు నిమిషాలు గిలక్కొట్టండి. జల్లించిన పిండి వేశాక మాత్రం ముద్ద కట్టగానే ఆపేయండి, ఎక్కువ పిసికితే గట్టిపడతాయి. 20 గ్రాముల ఉండలు చేసి, కాస్త నొక్కి, ఇరవై నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టండి. తర్వాత 170 డిగ్రీల సెల్సియస్‌లో (ఫారెన్‌హీట్‌లో 340) 15 నుంచి 18 నిమిషాలు. ఫ్యాన్ ఓవెన్ అయితే 20 డిగ్రీలు తగ్గించండి. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే: ముట్టుకుంటే మెత్తగా ఉన్నాయని ఇంకో ఐదు నిమిషాలు ఉంచేస్తారు, అడుగు మాడుతుంది. అంచులు లేత రంగు తిరిగితే తీసేయాలి. ట్రే మీదే పది నిమిషాలు కదపకుండా వదిలేస్తే వాటంతట అవే గట్టిపడతాయి.

బెల్లం వేసే తీరాలంటే సగం పంచదార ఉంచి సగమే మార్చండి. బెల్లం తేమను పట్టుకుంటుంది, కరకరలాడే కుకీ మర్నాటికి మెత్తబడుతుంది. రంగు కూడా త్వరగా తిరుగుతుంది, కాబట్టి వేడి పది డిగ్రీలు తగ్గించాలి.

పిండి జల్లించడం, తూకం వేయడం, ఉండలు చేయడం పిల్లలకే వదిలేయండి. వంకరగా వచ్చినా సరిచేయకండి, తాము చేసినవాటిని పిల్లలు తినకుండా ఉండలేరు. ఒక్కటే కచ్చితం: పచ్చి పిండి నాకనివ్వకూడదు. గుడ్డు లేకపోయినా సరే, ఉడకని మైదాలోనూ రోగక్రిములు ఉండొచ్చు. బడికి పంపేటట్లయితే బాదం, జీడిపప్పు వేసేముందు అక్కడి నియమం కనుక్కోండి.

ఇక యాలకులు. పిండిని రెండుగా చేసి ఒకదాంట్లో వెనిల్లా, ఇంకోదాంట్లో రెండు యాలకుల పొడి వేసి చూడమని అందరికీ చెబుతుంటాను. వెనిల్లావే ముందు ఖాళీ అవుతాయి. పండగ లడ్డూలో పంచదార ఎంత పోశామో చూసుకోని మనం, కుకీలో మాత్రం బెల్లమే ఉండాలని ఎందుకు పట్టుబడతాం? ఆ బెల్లం, యాలకుల వాసన పిల్లల ముక్కుకి అలవాటు చేయాలనా, లేక సొంతూరికి ఇంత దూరంలో ఆ వాసన మనకే కావాలనా? నాకు తేలడం లేదు. యాలకులు పూర్తిగా మానేయమని ఎవరికైనా చెప్పడానికి మాత్రం ఇంకా నోరు రావడం లేదు.