మా కంపెనీలో రెండో డైరెక్టరు మా నాన్న

మొన్న పిన్ని ఫోన్ చేసి, ఏమే, పెళ్ళి బయోడేటాలో సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ అని అట్టాగే ఉంచుదామా, సొంత కంపెనీ అని మార్చాలా అని అడిగింది. అప్పుడు నేను మిర్చి యార్డులో ఉన్నా, ఒక పక్క కాటా దగ్గర గోల, ఇంకో పక్క ఘాటుకి ముక్కు కారిపోతోంది, తర్వాత చెప్తా పిన్నీ అని పెట్టేశా. తర్వాత కూడా చెప్పలేదనుకోండి. ఏం చెప్పాలో నాకే తేలట్లేదు, అందుకని ఇక్కడ రాస్తున్నా, చదివేవాళ్ళలో పిన్ని ఉండదన్న ధైర్యంతో.

2024 ఆగస్టులో నా ఉద్యోగం పోయింది. గచ్చిబౌలిలో ఆఫీసు, పేరు అనవసరం. పొద్దున పదిన్నరకి క్యాలెండర్లో పదిహేను నిమిషాల మీటింగ్ ఒకటి పడింది, వెళ్తే మా మేనేజరూ, నేనెప్పుడూ చూడని ఒక హెచ్ఆర్ అమ్మాయీ. ఆ అమ్మాయి స్క్రీన్ మీద చూసి చదువుతోందని కళ్ళు కదిలే తీరులోనే తెలిసిపోతోంది, మా మేనేజర్ కెమెరా ఆపుకుని కూర్చున్నాడు. పన్నెండు నిమిషాల్లో అయిపోయింది. మధ్యాహ్నం అన్నం తినేసరికి మెయిల్ లేదు, ఆఫీసు చాట్ స్లాక్ లేదు. నాలుగు రోజులకి ల్యాప్‌టాప్ తీసుకెళ్ళడానికి కొరియర్ కుర్రాడొచ్చాడు, లిస్టు చూసుకుని, మేడమ్ ఛార్జర్ కూడా ఇవ్వాలంట అన్నాడు. మీటింగులో రాని ఏడుపు ఆ ఛార్జర్ దగ్గర వచ్చింది, ఆ పిల్లాడు పాపం సారీ మేడమ్ సారీ మేడమ్ అంటూ వైరు చుట్టుకున్నాడు.

రెండు నెలల జీతం చేతిలో పెట్టారు. నేను చేసింది నాలుగేళ్ళ మూడు నెలలు, గ్రాట్యుటీకి అయిదేళ్ళు నిండాలి కాబట్టి అది లేదు. పీఎఫ్ మాత్రం అప్పటి రూల్ ప్రకారం ఉద్యోగం లేకుండా నెల దాటితే 75 శాతం తీసుకోవచ్చు, దాన్ని ముట్టుకోకూడదని ఒట్టు పెట్టుకున్నా, ఆ ఒట్టు ఎన్నాళ్ళు నిలిచిందో ముందు ముందు వస్తుంది. రూమ్ ఖాళీ చేసి రెండు సూట్‌కేసులూ ఒక మానిటరూ వేసుకుని పల్నాడు ఎక్స్‌ప్రెస్ ఎక్కి గుంటూరు వచ్చేశా. మా ఇల్లు కొరిటెపాడు. నాన్న ఆర్టీసీలో కండక్టరుగా రిటైరయ్యాడు, అమ్మకి బీపీ, అందుకని అమ్మకి వర్క్ ఫ్రమ్ హోమ్ అని చెప్పాం. వారం గడిచేసరికి కనిపెట్టేసింది. రోజంతా ఇంట్లోనే ఉంటావు, ఒక్క మీటింగూ లేదేంటే, ఇదివరకు బాత్రూమ్‌కి కూడా ఇయర్‌ఫోన్స్‌తోనే వెళ్ళేదానివిగా అంది.

ఇంక అసలు సంగతి. స్టార్టప్ పెట్టాలని నేను అనుకోలేదు. బ్రాడీపేటలో మందుల షాపు దగ్గర నాన్నతో పనిచేసిన ఆయన భార్య కనిపించి, సెలవా అమ్మా అని అడిగింది, నేను లేదాంటీ, సొంతంగా ఒకటి మొదలుపెడుతున్నా అన్నా. అంతే, నోట్లోంచి వచ్చేసింది, అప్పటికి నా దగ్గర ఐడియా అనే పదార్థమే లేదు. ఆమె మొహంలో జాలి పోయి ఒక రకమైన గౌరవం వచ్చింది చూడండి, అది బాగా రుచించింది. ఆ తర్వాత అడిగిన ప్రతి ఒక్కరికీ అదే చెప్పా. చెప్పగా చెప్పగా ఇంక పెట్టక తప్పని పరిస్థితి. ఉద్యోగాలకి అప్లై చేస్తూనే ఉన్నా, రెండిట్లో చివరి రౌండు దాకా వెళ్ళి ఆగిపోయింది, అవి ఎవరికీ చెప్పలేదు.

గుంటూరు పిల్లని, మిర్చి కాకపోతే ఇంకేం చేస్తాను. ఆసియాలోకెల్లా పెద్ద మిర్చి యార్డు మా ఊళ్ళో, గుంటూరు సన్నం రకానికి జీఐ ట్యాగు (ఈ ప్రాంతపు సరుకని ఇచ్చే గుర్తింపు) ఉంది, పైగా పల్నాడు నుంచీ ప్రకాశం నుంచీ రైతులొస్తారు, వాళ్ళకి ఫోన్లో రేట్లు చూపించే యాప్ చేద్దాం అనుకున్నా. కేంద్రం వాళ్ళ ఆన్‌లైన్ మార్కెట్ ఈ-నామ్ 2016లోనే వచ్చిందిగా, మళ్ళీ నీదెందుకమ్మా అని ఒకాయన అడిగితే, మాది యూజర్ ఎక్స్‌పీరియన్స్ అండీ అని సమాధానం చెప్పా, ఇప్పుడు తలుచుకుంటే చెవులు కాలతాయి.

యాప్ కన్నా ముందు కంపెనీ రిజిస్టర్ చేశా, ఇక్కడ మీకు కొంచెం పనికొచ్చే విషయం ఉంది. ప్రైవేట్ లిమిటెడ్‌కి ఇద్దరు డైరెక్టర్లు, ఇద్దరు షేర్‌హోల్డర్లు ఉండాలి. నాకు కోఫౌండర్ లేరు. నాన్నని కూర్చోబెట్టి, డిజిటల్ సిగ్నేచర్ కోసం కెమెరా ముందు మీ పేరు చెప్పండి అని వీడియో తీయిస్తే, ఆయన బనీను మీద ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చి, డిపో పేరుతో సహా చెప్పాడు. బాగానే ఉంది గానీ ఆ తర్వాత తెలిసింది, ప్రైవేట్ లిమిటెడ్ పెట్టాక ఒక్క రూపాయి ఆదాయం లేకపోయినా ఆడిట్ తప్పదు, పెట్టిన 180 రోజుల్లో వ్యాపారం మొదలుపెట్టామని డిక్లరేషన్ వెయ్యాలి, ఏటా ఏఓసీ-4 (లెక్కల ఫారం), ఎంజీటీ-7ఏ (వార్షిక రిటర్ను) వెయ్యాలి, ఆ రెండూ ఆలస్యమైతే ఒక్కోదానికి రోజుకి 100 రూపాయలు. నాకు కావాల్సింది ఒక్కరి పేరు మీదే నడిచే ప్రొప్రయిటర్‌షిప్పు, చిన్న వ్యాపారాలకి ప్రభుత్వం ఫ్రీగా ఇచ్చే ఉద్యం రిజిస్ట్రేషను, అంతే. సర్వీసుల మీద ఏడాదికి 20 లక్షలు దాటేదాకా జీఎస్టీ కూడా అక్కర్లేదు, నేను అది కూడా తీసుకున్నా, ప్రొఫెషనల్‌గా ఉంటుందని. కేంద్ర ప్రభుత్వ శాఖ డీపీఐఐటీ ఇచ్చే స్టార్టప్ సర్టిఫికెట్ వస్తే నాన్న లామినేషన్ చేయించుకొచ్చాడు. ఆ ఏడాదే బడ్జెట్లో ఏంజెల్ ట్యాక్స్ (స్టార్టప్‌కి వచ్చే పెట్టుబడి మీద పన్ను) తీసేశారని అందరూ పండగ చేసుకున్నారు, నాకు డబ్బు పెట్టే ఏంజెలే లేడు, ట్యాక్స్ ఉంటేనేం పోతేనేం. ఈ ఖర్చులన్నీ అయ్యేసరికి సంక్రాంతి, పీఎఫ్ ఒట్టు భోగి మంటల్లో కలిసింది.

యాప్ 2025 ఫిబ్రవరిలో బయటికొచ్చింది. సరిగ్గా అప్పుడే మిర్చి పడిపోయింది. అంతకుముందు ఏడాది క్వింటా 20,000 చూసిన రైతులు అందులో సగం రేటుకి కాయలు అమ్ముకోలేక యార్డులో కూర్చున్నారు, నాయకులు వచ్చారు, గొడవలయ్యాయి, నెలాఖరుకి కేంద్రం రేటు పడిపోయినప్పుడు ఆదుకునే మార్కెట్ ఇంటర్వెన్షన్ స్కీమ్ కింద క్వింటాకి 11,781 రూపాయలు అని ప్రకటించింది. ఆ రోజుల్లో నేను వెళ్ళి, అన్నా, ఈ యాప్ వేసుకుంటే రేటు ఎప్పటికప్పుడు తెలుస్తుంది అని చెప్తున్నా. వినుకొండ వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన బస్తా మీద కూర్చుని నా ఫోన్ చూసి, తెలిసి ఏం చెయ్యనమ్మా అన్నాడు. కోపం కూడా లేదు ఆ గొంతులో.

పైగా రేట్లు వాళ్ళకి తెలియనిదెప్పుడు? సాయంత్రానికల్లా ప్రతి ఊరి వాట్సాప్ గ్రూపులో నాన్ ఏసీ ఇంత, ఏసీ ఇంత (ఏసీ అంటే కోల్డ్ స్టోరేజీలో పెట్టి తీసిన సరుకు), రకాల వారీగా తేజ ఇంత, 341 ఇంత, బాడిగ ఇంత అని వచ్చేస్తాయి. పడిపోయే రేటుకి అందమైన గ్రాఫు గీసి చూపించడం ఒక్కటే నేను కొత్తగా చేసింది.

రెండో దెబ్బ ఆ వారమే. నాన్న స్నేహితుడొకాయనకి యార్డులో కమీషన్ కొట్టు ఉంది, చిన్నప్పటి నుంచీ బాబాయ్ అంటాం. ఆయన కొట్టు ముందు ఒక కొనుగోలుదారు సరుకు చూస్తున్నాడు. బస్తాలోకి మోచేతి దాకా చెయ్యి పోనిచ్చి అడుగు నుంచి గుప్పెడు కాయలు తీశాడు, ఒకటి చెవి దగ్గర ఆడించాడు, గింజ గలగలమంటే ఎండిందని, ఇంకోటి విరిచి లోపల రంగు చూశాడు, తాలు (రంగు పోయిన కాయలు) ఎంతుందో కాలితో కొంచెం కెలికి చూశాడు, మాటల్లేవు, మొత్తం అర నిమిషం. పక్క బస్తాకి, అదే రైతు, అదే పొలం, క్వింటాకి 700 తక్కువ చెప్పాడు. నా యాప్‌లో క్వాలిటీ అని ఒక డ్రాప్‌డౌన్, అందులో ఏ, బీ, సీ. బాబాయ్ అది చూసి నవ్వు ఆపుకోలేక, ఏందమ్మాయ్ ఇది, ఇస్కూల్ పిల్లల మార్కులా అన్నాడు.

ఇక మానేద్దామనే అనుకున్నా. మార్చిలో ఒక రోజు రాత్రి తొమ్మిదింటికి బాబాయ్ కొట్టులో కూర్చున్నా, ఇంటికెళ్తే అమ్మ అడుగుతుందని. అక్కడ గుమాస్తా గారికీ ఒక రైతుకీ పెద్ద వాదన. నలభై అయిదు టిక్కీలు (మిర్చి బస్తాలు), పట్టీలో (రైతుకిచ్చే లెక్క కాగితం) తూకం తొమ్మిది కిలోలు తక్కువొచ్చింది. వెతగ్గా వెతగ్గా ఒక టిక్కీ 43.200 ఉన్నది పట్టీలోకి ఎక్కేటప్పుడు 34.200 అయ్యింది. వెయ్యి రూపాయల పైన తేడా, ఆ రైతుకి ఆఖరి బస్సు కూడా పోయింది. అప్పుడు చూశా అసలు ఏం జరుగుతుందో. కాటా దగ్గర కుర్రాడు పెన్సిల్‌తో చీటీ మీద తూకాలు రాస్తాడు, గుమాస్తా గారు కాలిక్యులేటర్ మీద కూడతారు, మళ్ళీ పట్టీ మీద రాస్తారు, మళ్ళీ లెడ్జర్‌లో, పొద్దున్నే ఇంకో అబ్బాయి కంప్యూటర్లో కొడతాడు. ఒకే అంకె నాలుగు సార్లు. సీజన్లో రాత్రి పన్నెండు దాకా ఇదే పని.

ఆ వారం నేను రాసిన ప్రోగ్రాం కాలేజీ పిల్లలు కూడా రాస్తారు. కాటా కుర్రాడు ఫోన్లో తూకం కొడితే గోతాం బరువు పోయి, హమాలీ, కాటా, కమీషన్ పోయి పట్టీ తయారవుతుంది. కష్టమంతా ప్రింటింగ్‌లో వచ్చింది. చవక థర్మల్ ప్రింటర్ కొన్నా, దానికి తెలుగు రాదు, పట్టీ మొత్తాన్ని బొమ్మగా మార్చి పంపితే తప్ప ఒత్తులు నిలబడవు, మొదటి రోజు వెంకటేశ్వర్లు అనే పేరు మూడు ముక్కలై వచ్చింది. అది సర్దేసి గొప్పగా ఇంట్లో చూపిస్తే నాన్న ఆ కాగితం వెలుతుర్లో పెట్టి చూసి, ఇది మా టికెట్ మిషన్ రోలేగా, ఎండలో చొక్కా జేబులో పెట్టుకుంటే సాయంత్రానికి తెల్లకాగితం అవుద్ది, రైతు మూడు నెలలకి పట్టీ పట్టుకొస్తే ఏం చూపిస్తావు అన్నాడు. వినలేదు. అక్టోబరులో ఒకాయన నిజంగానే తెల్లకాగితం పట్టుకుని కొట్టుకొచ్చాడు. లెక్క కంప్యూటర్లో ఉంది కాబట్టి సరిపోయింది గానీ, కాగితం మీద లేని లెక్కని ఆయన నమ్మడానికి గంట పట్టింది. క్లౌడు, మైక్రోసర్వీసులు అని నాలుగేళ్ళు మాట్లాడిన మనిషిని, నవంబరులో పాత డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ వెతుక్కుని తెచ్చా. మూడు కార్బన్ కాపీలు వస్తాయి, చెరగదు, శబ్దం మాత్రం రైస్ మిల్లే.

ఇప్పుడు ఆరు కొట్లు వాడుతున్నాయి. కొట్టుకి నెలకి 1,500, మొత్తం 9,000. నా పాత జీతంలో పదో వంతు కూడా కాదు, ఆడిటర్ ఫీజు తీసేస్తే ఇంకా తక్కువ, ఫ్రీలాన్స్ పని ఒకటి చేస్తున్నా కాబట్టి బండి నడుస్తోంది. మంగళగిరిలో స్టార్టప్‌ల కోసం రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్ పెట్టారుగా, వెళ్ళి కలవమని అందరూ చెప్తున్నారు, వెళ్తా. అక్కడ మార్కెట్ సైజ్ ఎంత అని అడుగుతారు, ఆరు కొట్లు అని చెప్పడానికి ఇంకా నోరు రావట్లేదు.

ఇట్టా ఉండగా పోయిన వారం బాబాయ్ పిలిచి, మే నెలలో యార్డుకి ఎండాకాలం సెలవులు కదమ్మాయ్, కొట్టు మూస్తాం, పట్టీలే ఉండవు, ఆ నెల నీకు డబ్బులెందుకివ్వాలి అన్నాడు. ఈ ఊళ్ళో పుట్టి పెరిగి, ఏటా యార్డు సెలవుల వార్త పేపర్లో చూస్తూ కూడా అది నా లెక్కలో పెట్టుకోలేదు. సర్వర్ ఖర్చు అని ఏదో చెప్పబోయా, ఆయన గుమాస్తాకే సగం ఇస్తా, నీ సర్వర్ గుమాస్తా కన్నా ఎక్కువ తింటుందా అన్నాడు. ఇంటికొచ్చి నాన్నని అడిగితే, ఏదీ ఆలోచించకుండా, సగం తీసుకో, మాకు సమ్మె రోజుల్లో అదీ లేదు అన్నాడు.

మంగళవారం ఆరు కొట్లకీ 750 చొప్పున బిల్లులు పంపించాం, డైరెక్టరు సంతకం నాన్నదే, బిల్లుకి రెండు నిమిషాలు తీసుకుని గుండ్రంగా పెట్టాడు. అయిదు కొట్ల నుంచి సాయంత్రానికి ఫోన్‌పేలో 750 పడ్డాయి. బాబాయ్ దగ్గర్నుంచి 700 వచ్చాయి.