కిరాణా క్యాటగిరీ అంకెలను చదవడం నేను నేర్చుకున్న తీరు

తెలుగు రాష్ట్రాల్లో దుకాణాలున్న ఒక సూపర్‌మార్కెట్ సంస్థలో నేను బియ్యం, పప్పులు, వంటనూనెల క్యాటగిరీ చూస్తాను. ఏ సరుకు ఏ దుకాణంలో ఉండాలి, షెల్ఫులో దానికెంత చోటు ఇవ్వాలి, ఏ ధరకు అమ్మాలి, ఏ బ్రాండును ఆపేయాలి అన్నవి నేను తీసుకోవలసిన నిర్ణయాలు. కొనుగోళ్ల విభాగం నుంచి ఈ బాధ్యతలోకి వచ్చేనాటికి సరుకు నాణ్యత పోల్చుకోవడం, మిల్లర్లతో బేరమాడడం నాకు బాగా తెలుసు. అయితే సమీక్షా సమావేశంలో అడిగే ప్రతి ప్రశ్నకూ, సంస్థ లెక్కల రిపోర్టులు తయారుచేసే ఎంఐఎస్ విభాగం పంపే నెలవారీ రిపోర్టు మీదే ఆధారపడవలసి వచ్చేది. అమ్మకం ఎంత పెరిగిందో అందులో ఉండేది కానీ, ఎందుకు పెరిగిందో ఉండేది కాదు. ఆ కారణాన్ని నేనే వెతికి చెప్పగలగాలన్న పట్టుదలతో డేటా విశ్లేషణ నేర్చుకోవడం మొదలుపెట్టాను.

పనిముట్ల గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. ఎక్సెల్‌లో పివట్ టేబుళ్లు, ఎక్స్‌లుకప్, ఆ తర్వాత పవర్ క్వెరీ, చివరగా బిల్లుల డేటాను నేరుగా తీసుకోవడానికి సరిపడినంత ఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ భాష నేర్చుకున్నాను. శ్రద్ధ ఉన్నవారెవరికైనా ఇవి పట్టుబడతాయి. నాకు అసలైన చదువు ఐటెం మాస్టర్, అంటే మేము అమ్మే ప్రతి సరుకు వివరాలూ నమోదయ్యే పట్టిక దగ్గర మొదలైంది.

బాపట్లలో రూపొందిన బీపీటీ 5204 రకానికే సాంబ మసూరి అని పేరు. మా ఐటెం మాస్టర్‌లో ఒక మిల్లు సరుకు బీపీటీ అని, మరో మిల్లు సరుకు సాంబ మసూరి అని నమోదై ఉండేవి. పాత బియ్యమా, కొత్త బియ్యమా అన్న వివరానికి అసలు గడే లేదు. బియ్యం కొనడానికి వచ్చే గృహిణి మొదట అడిగేది ఆ సంగతే గనుక, అది లేని పట్టికతో కొనుగోలుదారు ఎంపిక క్రమాన్ని అర్థం చేసుకోవడం సాధ్యం కాదని నా అభిప్రాయం. రకం, పాతదనం, బస్తా బరువు అనే మూడు గడులు చేర్చి, ప్రతి ఐటెంకూ గోదాము సిబ్బందిని అడిగి నింపాను. విసుగు పుట్టించే పనే అయినా, తర్వాతి లెక్కలన్నీ దాని మీదే నిలబడ్డాయి.

బస్తా బరువు ప్రత్యేకంగా చెప్పుకోవలసిన విషయం. ముందుగా ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం 25 కిలోల వరకు ఉంటే 5 శాతం జీఎస్‌టీ 2022 జులై 18 నుంచి అమల్లోకి రావడంతో మన మార్కెట్లో 26 కిలోల బస్తాలు విరివిగా కనిపించసాగాయి. రిపోర్టులో అమ్మకాలను బస్తాల సంఖ్యలో చూపితే 25 కిలోల బస్తా అమ్మకం పడిపోయినట్టు, కొత్త సరుకేదో దూసుకొచ్చినట్టు కనిపిస్తుంది. అన్నింటినీ కిలోల్లోకి మార్చి చూస్తే, అవే కుటుంబాలు అదే మిల్లు బియ్యాన్ని మరో బస్తాలో కొంటున్నాయని తేలుతుంది. అప్పటినుంచి ఏ పట్టిక తెరిచినా, అందులోని ఒక్క వరుస దేన్ని లెక్కిస్తోందని ముందు అడగడం అలవాటు చేసుకున్నాను.

వంటనూనెల్లో ఈ అలవాటు మరింత అక్కరకొచ్చింది. 2024 సెప్టెంబరు 14 నుంచి ముడి పామాయిల్, సోయా, సన్‌ఫ్లవర్ నూనెల దిగుమతిపై ప్రాథమిక కస్టమ్స్ సుంకం సున్నా నుంచి 20 శాతానికి పెరిగింది, దుకాణాల్లో ధరలూ పెరిగాయి. అటువంటప్పుడు రూపాయల్లో పెరుగుదల చూసి సంతోషించకూడదు. ఉదాహరణకు, నిరుడు 110 రూపాయల చొప్పున 1,000 ప్యాకెట్లు, ఈ ఏడాది 135 రూపాయల చొప్పున 920 ప్యాకెట్లు అమ్ముడయ్యాయనుకుందాం. రాబడి 1,10,000 నుంచి 1,24,200 రూపాయలకు, అంటే సుమారు 13 శాతం పెరిగింది. ఇందులో ధర వల్ల వచ్చినది 920 ప్యాకెట్లపై 25 రూపాయల చొప్పున 23,000. తగ్గిన 80 ప్యాకెట్లను పాత ధరతో లెక్కిస్తే పోయినది 8,800. ఈ విభజనను ప్రతి బ్రాండుకూ, ప్రతి దుకాణానికీ చేసినప్పుడే ఎవరి అమ్మకం నిజంగా పెరిగిందో తెలుస్తుంది. లీటరు నూనె ఉండే 910 గ్రాముల ప్యాకెట్ పక్కనే చూడడానికి అంతే ఉండి తక్కువ బరువు తూగే ప్యాకెట్లు కూడా వస్తున్నందున, ప్యాకెట్ల సంఖ్యకు బదులు గ్రాముల్లో లెక్క వేయడం తప్పనిసరి.

పండుగల విషయంలో క్యాలెండర్ నెలలు మనకు సరిపడవు. ఉగాది 2023లో మార్చి 22న, 2024లో ఏప్రిల్ 9న, 2025లో మార్చి 30న వచ్చింది. బొబ్బట్ల కోసం కొనే శనగపప్పు అమ్మకాన్ని మార్చితో మార్చి పోల్చి చూస్తే ఒక ఏడాది పతనం, మరుసటి ఏడాది విజృంభణ కనబడతాయి. రెండూ నిజం కావు. పండుగ రోజును సున్నాగా పెట్టుకుని, దానికి ముందు మూడు వారాలను, తర్వాత ఒక వారాన్ని పోల్చే పట్టిక తయారుచేసుకున్నాను. సంక్రాంతి ఏటా ఇంచుమించు ఒకే తేదీకి వస్తుంది గనుక పిండివంటల నూనెకు ఆ ఇబ్బంది లేదు.

అన్నింటికన్నా ఎక్కువ కాలం నన్ను ఆలోచింపజేసినది సున్నా అమ్మకం. ఒక దుకాణంలో దంపుడు బియ్యం వారాల తరబడి అమ్ముడుపోలేదని పట్టిక చూపినప్పుడు మేనేజరుకు ఫోన్ చేశాను. “అప్పుడు సరుకే రాలేదండీ మేడం, అడిగి అడిగి వెళ్లిపోయారు” అన్నారాయన. అమ్మకాల పట్టికకు రోజువారీ ముగింపు నిల్వల పట్టికను జోడించి, సరుకు ఉన్న రోజులకే సగటు అమ్మకం లెక్కించడం అప్పుడు మొదలుపెట్టాను. ఆ సరుకు, అమ్మకాల విలువను బట్టి సరుకులను మూడు తరగతులు చేసే ఏబీసీ వర్గీకరణలో అట్టడుగున ఉంది, తొలగింపు జాబితాలోనూ ఉంది. అయితే బిల్లుకు జతచేసిన మొబైల్ నంబరు ఆధారంగా, దాన్ని క్రమంగా కొనేవారు సరుకు లేని వారాల్లో ఏం చేశారో చూశాను. కొందరు వేరే బియ్యం తీసుకున్నారు. చాలామంది మాత్రం ఆ వారాల్లో మా దుకాణానికే రాలేదు, వారి పప్పులు, నూనెల బిల్లు కూడా పోయింది. ఈ పట్టికను సమీక్షలో చూపించాక దంపుడు బియ్యం షెల్ఫులోనే ఉండిపోయింది, దాని కనీస నిల్వ పరిమితిని కూడా పెంచాము. ఒక సరుకును తొలగించే ముందు అది లేని రోజుల్లో కొనుగోలుదారులు ఏం చేశారో చూడడం క్యాటగిరీ చూసేవారికి అన్ని సూత్రాలకన్నా ముఖ్యమని నేను గట్టిగా నమ్ముతాను.

నిల్వలో పెట్టిన ప్రతి రూపాయికీ ఎంత స్థూల లాభం వస్తోందో చెప్పే జీఎంఆర్‌ఓఐ లెక్కను కూడా ఇదే డేటాతో వేస్తున్నాను. లాభశాతం తక్కువైనా వేగంగా తిరిగే బియ్యానికి న్యాయం జరిగేది ఆ లెక్కలోనే.

ప్రస్తుతం నా ముందున్న పని మళ్లీ నూనెలదే. 2025 మే నెలాఖరులో ముడి నూనెల మీద ఆ సుంకాన్ని 20 నుంచి 10 శాతానికి తగ్గించారు. ధర పెరిగినప్పుడు సన్‌ఫ్లవర్ నుంచి పామాయిల్‌కు, తవుడు నూనెకు మారిన కుటుంబాల్లో ఎన్ని తిరిగి వచ్చాయో దుకాణాలవారీగా చూస్తున్నాను. వేరుశనగ నూనె వాడకం ఎక్కువగా ఉన్న రాయలసీమ దుకాణాలను వేరే గుంపుగా పెట్టి లెక్కిస్తున్నాను. వచ్చే షెల్ఫు మార్పులో ఏ నూనెకు ఎంత చోటు ఇవ్వాలన్నది ఆ పట్టిక పూర్తయ్యాక నిర్ణయిస్తాము.