కంటి మచ్చలు మాయమయ్యే నెల

పోయినేడు బతుకమ్మ అయిపోగానే సీతాకోకల కాలం కూడా అయిపోయిందనుకుని నోట్‌బుక్ మూసేశాను. వానాకాలంలో ఒక్క పొద్దున పాతిక రకాలు కనిపించిన చోట నవంబరులో పది కనిపిస్తే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. ఈసారి మూయలేదు. అక్టోబరు మొదటి ఆదివారం నుంచి డిసెంబరు రెండో ఆదివారం దాకా, ఒక్క వారం తప్ప, హైదరాబాద్ దగ్గరి అమీన్‌పూర్ చెరువు అంచున ఒకే దారిలో నడిచి రాసుకున్నాను. 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించిన చెరువు ఇది. ఎక్కువ మంది పక్షుల కోసం వస్తారు. నాకు కావాల్సింది నీళ్లు కాదు, పక్కనున్న ముళ్లపొదల బీడు.

నా దారి ఒక వేపచెట్టు దగ్గర మొదలై రేగుపొదల దగ్గర ముగుస్తుంది. దాదాపు 700 మీటర్లు, ఆగుతూ నడిస్తే 40 నిమిషాలు. రెండు పక్కలా రెండున్నర మీటర్లు, ముందుకు ఐదు మీటర్లు, ఆ మేరలోకి వచ్చినవే లెక్క. దాటి వచ్చేశాక వెనక నుంచి ఎగిరి వచ్చినవి లెక్కలోకి రావు. దీన్ని పొలార్డ్ వాక్ అంటారు. బ్రిటన్‌లో 1976 నుంచి ఈ పద్ధతిలోనే సీతాకోకలను లెక్కపెడుతున్నారు. నోట్‌బుక్‌లో ప్రతి వారానికి ఒక పేజీ: టైం, ఎండ, గాలి, వేపచెట్టు నీడలో వేలాడదీసిన థర్మామీటర్ అంకె, రకం, ఎన్ని, రెక్కలు కొత్తవా పాతవా. ఈ ఏడాది కొత్తగా ఒక గడి చేర్చాను: రెక్క అడుగుభాగం చూశానా లేదా. ఈ సీజన్‌లో నేను నేర్చుకున్నదంతా దాదాపు ఆ గడిలోనే ఉంది.

అక్టోబరు 5. ఎనిమిదిన్నరకు 27 డిగ్రీలు. 22 రకాలు. గునుగు పూలు ఇంకా నిలబడే ఉన్నాయి, వాటి మీద బ్లూస్ అనే చిన్న నీలి సీతాకోకలు కుప్పలుగా ఉన్నాయి. జిల్లేడు దగ్గర ప్లెయిన్ టైగర్ సీతాకోకలు ఆరు. వాటిలో ఒకటి ఎగిరే తీరు తేడాగా అనిపించి దగ్గరికి వెళ్లాను. వెనక రెక్క మధ్యలో ప్లెయిన్ టైగర్‌కు మూడో నాలుగో నల్ల చుక్కలుంటాయి. దీనికి పై అంచు దగ్గర ఒక్కటే ఉంది. అంటే అది డానయిడ్ ఎగ్‌ఫ్లై ఆడది. జిల్లేడు తిని పెరిగిన ప్లెయిన్ టైగర్ పక్షులకు చేదు. ఎగ్‌ఫ్లై పిల్లపురుగు తినేది మనం పప్పులో వేసుకునే గంగవాయిలి లాంటి ఆకు, దానికి ఆ చేదు లేదు. అందుకే వేషం. మగది ఆడదానిలా అస్సలు ఉండదు, నల్లటి రెక్కల మీద తెల్లటి గుండ్రటి మచ్చలు. అది కూడా అదే రోజు గట్టు మీద కనిపించింది.

అక్టోబరు 12, 19. 21 రకాలు, 19 రకాలు. పెద్ద మార్పు లేదు. తంగేడు మీద మాటిల్డ్ ఎమిగ్రెంట్ సీతాకోక గుడ్లు పెడుతోంది.

అక్టోబరు 26. వాన. వెళ్లలేదు.

నవంబరు 2. తుఫాను వానలు తగ్గాక మొదటి ఎండ. తొమ్మిదింటికి 23. దారిలో మొదటి 200 మీటర్లు చదును చేసేశారు. గడ్డి చామంతి, గునుగు, గంగవాయిలి, అన్నీ మిషన్‌తో కోసి కుప్ప వేశారు. శుభ్రం కోసమే చేసి ఉంటారు. ఆ కుప్ప ముందు చాలాసేపు నిలబడ్డాను. కోసిన గడ్డిలో పాన్సీ సీతాకోకల గొంగళిపురుగులు ఎన్ని పోయాయో. ఆ రోజు 13 రకాలే. ఇందులో చలి వాటా ఎంత, కోత వాటా ఎంత అన్నది తేలాలని ఆ 200 మీటర్లను అప్పటి నుంచి వేరే గడిలో రాస్తున్నాను. మీరూ ఇలా లెక్కపెట్టేటట్టయితే దారిని మొదటి రోజే ముక్కలుగా విభజించుకోండి. మధ్యలో ఒక ముక్క పోయినా మిగతావాటిని పాత వారాలతో పోల్చుకోవచ్చు.

ఆ రోజే అసలు సంగతి కంటపడింది. రేగుపొదల దగ్గర ఎండుటాకుల మధ్య ఒక ఆకు కదిలింది. పీకాక్ పాన్సీ. పైన నారింజ రంగు, పెద్ద కళ్లలాంటి మచ్చలు, అదంతా మామూలే. రెక్కలు మూసేసరికి మాత్రం అక్కడ సీతాకోక లేదు. అడుగుభాగం ఎండిన ఆకు రంగు, మధ్యలో ఈనెలాంటి గీత, రెక్క కొస తొడిమలా సాగి ఉంది. అక్టోబరు 5న తీసిన ఫోటో తెరిచి పక్కన పెట్టుకున్నాను. అదే పీకాక్ పాన్సీ, కానీ ఆ అడుగుభాగం మీద కంటి మచ్చలు స్పష్టంగా ఉన్నాయి, రెక్క అంచు గుండ్రంగా ఉంది. ఒకే జాతికి వానాకాలం రూపం ఒకటి, వానలు లేని పొడికాలం రూపం ఒకటి. పుస్తకాల్లో చదివిందే, కానీ నాలుగు వారాల తేడాతో ఒకే పొద దగ్గర రెండూ నా ఫోటోల్లో చూసుకోవడం వేరు.

కారణం తెలిశాక ఇంకా ముచ్చటేసింది. పచ్చగడ్డి ఉన్నన్నాళ్లూ సీతాకోక చురుగ్గా తిరుగుతుంది, జత కడుతుంది, గుడ్లు పెడుతుంది. దాక్కుని లాభం లేదు. రెక్క అంచున కంటి మచ్చ ఉంటే పక్షి దాన్నే పొడుస్తుంది, అంచు చిరుగుతుంది, ప్రాణం దక్కుతుంది. గడ్డి ఎండాక కదలకుండా ఆకుల్లో పడి ఉండటమే మేలు. అప్పుడు కంటి మచ్చ ఉంటే అదే పట్టిస్తుంది. ఈ సంగతి ఎక్కువగా ఆఫ్రికాలోని బుష్‌బ్రౌన్ అనే సీతాకోక జాతి మీద పరిశోధించి తెలుసుకున్నారు. అందులో గొంగళిపురుగు పెరిగే చివరి దశలో తగిలే వేడి, చల్లదనాన్ని బట్టే ఏ రూపం వస్తుందో తేలుతుంది. అంటే రెక్కలు రాకముందే రాబోయే కాలానికి తగ్గ బట్ట సిద్ధమైపోతుంది.

నా పాత ఫోటోలు 300 దాకా వెనక్కి తిప్పి చూశాను. పది శాతం కూడా అడుగుభాగం చూపించవు. అందరిలాగే నేనూ రెక్కలు విప్పే దాకా ఆగి, రంగు కనిపించాకే నొక్కాను. చలి పొద్దుల్లో సీతాకోక రెక్కలు పరిచి ఎండ కాచుకుంటుంది కాబట్టి పైభాగమే చిక్కుతుంది. అడుగుభాగం కావాలంటే రెండు వేళలున్నాయి. ఒకటి, ఆరున్నర ఏడు మధ్య, మంచు తడితో గడ్డి పరకలకు రెక్కలు మూసుకుని వేలాడుతున్నప్పుడు. ఫోన్‌ను చేతి దూరం దాకా తెచ్చినా కదలవు. మన నీడ మాత్రం వాటి మీద పడకూడదు. రెండోది పదిన్నర తర్వాత, ఒళ్లు వేడెక్కి రెక్కలు మూసి కూర్చున్నప్పుడు. మోకాళ్ల మీద కూర్చుని, ఫోన్‌ను రెక్కకు సమాంతరంగా పెట్టి, రెండింతల జూమ్‌తో తీస్తే చాలు. పెద్ద కెమెరా అక్కర్లేదు.

నవంబరు 9. 14 రకాలు. లెమన్ పాన్సీ ఒకటి వెనక రెక్కల అంచులు రెండు పక్కలా ఒకేలా V ఆకారంలో తెగి ఉంది. రెక్కలు మూసుకుని ఉన్నప్పుడు పక్షి ముక్కు వేసిన కాటు అది. సరిగ్గా కంటి మచ్చ ఉండాల్సిన చోటే పోయింది. అయినా హాయిగా గడ్డి చామంతి మీద తేనె తాగుతోంది. ఆ ఫోటో ప్రింట్ తీయించి నోట్‌బుక్‌లో అంటించాను.

నవంబరు 16. తొమ్మిదిన్నరకు 20. మేకలు మేపుకునే కాకా రోజూ నన్ను చూస్తుంటాడు. "ఆ ఒర్రె కాడ మస్తున్నయ్, పో బిడ్డా" అన్నాడు. వెళ్లి చూస్తే జనుము జాతి అడవి మొక్కలు, ఎండిన కాయలు గాలికి గలగలమంటున్నాయి. ఒక్కో కొమ్మకు పది పన్నెండు బ్లూ టైగర్లు, డార్క్ బ్లూ టైగర్లు, కామన్ క్రో సీతాకోకలు వేలాడుతున్నాయి. 90 దాకా లెక్కపెట్టి ఆపేశాను. తేనె కోసం కాదు, పూలే లేవు. ఆకుల్నీ కాయల్నీ కాళ్లతో గీకి, కారిన రసాన్ని పీలుస్తాయి. ఎక్కువగా మగవే. ఆ మొక్కల్లోని చేదు పదార్థమే వాటికి పక్షుల నుంచి రక్షణ, ఆడదాన్ని ఆకర్షించే వాసనకు ముడిసరుకు. రెండు టైగర్లకూ తేడా చెప్పాలంటే నీలి చారలు వెడల్పుగా, లేతగా ఉంటే బ్లూ టైగర్, సన్నగా, నల్లదనం ఎక్కువగా ఉంటే డార్క్ బ్లూ. ఈ రెండూ ఉన్న ప్రజాతికి 1880లో ఫ్రెడరిక్ మూర్ పెట్టిన పేరు ‘తిరుమల’. బ్లూ టైగర్ శాస్త్రీయనామం తిరుమల లిమ్నియేసీ. మన ఊళ్లలో ఎగిరే సీతాకోకకు ఆ పేరు ఉండటం నాకు చాలా ఇష్టం.

నవంబరు 22, శనివారం. ఒక్కరోజు అనంతగిరి. పొద్దుటి రైలుకు వికారాబాద్ జంక్షన్, అక్కడి నుంచి ఆటోలో ఐదారు కిలోమీటర్లు. కార్తీకం ముగిసినా గుడి దగ్గర జనం ఉన్నారు, కాబట్టి నేరుగా అడవి దారి పట్టాను. ముగ్గిన సీతాఫలాలు రెండు, మెత్తబడిన అరటిపండ్లు మూడు బెల్లంతో పిసికి రాత్రే డబ్బాలో మూత పెట్టుకున్నాను. రాత్రంతా పులిస్తే వాసన బాగా పట్టుకుంటుంది. తునికి చెట్ల కింద ఒక చదును రాయి మీద పెట్టి దూరంగా కూర్చున్నాను. 20 నిమిషాలకు ఆ వాసనకు బారొనెట్ సీతాకోక వచ్చింది, తర్వాత బ్లాక్ రాజా. సాయంత్రం నాలుగున్నరకు కామన్ ఈవెనింగ్ బ్రౌన్లు మూడు, మూడూ పొడికాలం రూపమే, ఒక్కదానికీ కంటి మచ్చ సరిగా లేదు. అడుగు వేసి లేపితే తప్ప కనిపించలేదు. తిరిగొచ్చేటప్పుడు డబ్బా, తొక్కలు అన్నీ వెనక్కి తెచ్చేశాను. కోతులుండే చోట పండు వదిలిపెట్టకూడదు.

నవంబరు 23, 30. 12 రకాలు, 11 రకాలు. పాన్సీల్లో ఇప్పుడు వానాకాలం రూపం ఒక్కటీ లేదు. కోసిన ముక్కలో గడ్డి చామంతి మళ్లీ పూసింది, దాని మీద గ్రాస్ యెల్లోలు వచ్చాయి.

డిసెంబరు 7. పదింటికి 18. తొమ్మిదిన్నర దాకా ఒక్కటీ ఎగరలేదు. 9 రకాలు. అందులో పెయింటెడ్ లేడీ ఒకటి, ఈ దారిలో నాకు మొదటిది. వేపచెట్టు పైకొమ్మల్లో కామన్ జెజెబెల్ రెండు, ఆ కొమ్మ మీద బదనిక ఉంది.

ఇంటి మీది సంగతి కూడా రాయాలి. డాబా మీద కరివేపాకు కుండీలో అక్టోబరు 9న లైమ్ బటర్‌ఫ్లై గుడ్లు ఐదు. పిట్ట రెట్టలా ఉండే పురుగులు చూసి అమ్మ "ఆకంత తింటున్నయ్ బిడ్డా, తీసెయ్" అంది. ఒక్క వారం ఆగమన్నాను. పచ్చగా మారాక ముట్టుకుంటే తల వెనక నుంచి ఎర్రటి కొమ్ములు బయటికి తీసి ఘాటు వాసన వదిలింది. అది చూశాక అమ్మ మళ్లీ ఏమీ అనలేదు. మూడు పురుగులు కోశం కట్టాయి, నవంబరు 4కల్లా మూడూ ఎగిరిపోయాయి. నవంబరు మధ్యలో పెట్టిన గుడ్ల నుంచి ఒక్కటే మిగిలింది. అది పచ్చ కొమ్మను వదిలి కుండీ పక్కన పాతిన వెదురు పుల్లకు గోధుమరంగు కోశం కట్టింది.

డిసెంబరు 14. 8 రకాలు. వెదురు పుల్ల మీది కోశం ఇంకా తెరుచుకోలేదు. రంగు మారలేదు, తొలిచిన రంధ్రం లేదు, మెల్లగా ముట్టుకుంటే కదులుతోంది. చలి పోయే దాకా అలాగే ఉండొచ్చు. పొద్దున కుండీకి నీళ్లు పోస్తూ అమ్మ చెంబును ఆ పుల్లకు అవతలి పక్కనుంచి వంచింది.