మరియా గొంతు ఎవరిది

సాయంత్రం చిన్నదానితో కూర్చుని 1961 నాటి హాలీవుడ్ పాటల సినిమా ‘వెస్ట్ సైడ్ స్టోరీ’ మళ్లీ చూశాను. కథానాయిక మరియా ఎంత బాగా పాడిందోనని అది మురిసిపోతుంటే, ఆ గొంతు ఆ వేషం వేసిన నటాలీ వుడ్‌ది కాదు, తెరవెనుక పాడిన మార్నీ నిక్సన్‌దని చెప్పాను. ఈయన పేపరు దించి, “మన సావిత్రికి లీల పాడలేదా? అందులో తప్పేముంది?” అన్నారు. ఆ మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది.

సావిత్రికి లీల పాడుతున్నారని సావిత్రికి తెలుసు, లీలకు తెలుసు, వినే మనకూ తెలుసు. నటాలీ సంగతి అది కాదు. 1960లో ఆ సినిమా తీస్తున్నప్పుడు ఆమె పాటలన్నీ తనే పాడి రికార్డు చేసింది. బాగుందని మెచ్చుకున్నారు. ఆ రికార్డులే వినిపిస్తుంటే పెదవులు కదుపుతూ నటించింది. ఆ గొంతును తెరమీదికి రానివ్వబోవడం లేదన్న సంగతి మాత్రం షూటింగు ముగిసేదాకా ఆమెకు చెప్పలేదు. ఆ తరువాత నిక్సన్‌ను నిలబెట్టి, అప్పటికే కదిలిపోయిన ఆ పెదవులను చూస్తూ, అవి తెరుచుకున్నచోటే మాట పడేలా, మూసుకున్నచోటే ఆగేలా పాడించారు. ఒకరు పాడిన పాటను చెరిపి, ఆ చెరిపిన గీతల మీదే ఇంకొకరిని నడిపించడమన్నమాట.

మా ఊరి శ్రీరామనవమి పందిట్లో ఆడిన హరిశ్చంద్ర నాటకం గుర్తుకొస్తోంది. కాటి సీనుకు ముందు హరిశ్చంద్ర వేషగాడికి గొంతు బొంగురుపోయింది. ఆయన మేకప్పుతోనే తెర ముందుకు వచ్చి, చేతులు జోడించి, మాటలు నేను చెబుతాను, పద్యాలు హార్మోనియం మాస్టారు అందుకుంటారు, మన్నించండి అన్నాడు. ముందు వరుసలో తాతయ్య “కానివ్వవయ్యా” అన్నాడు. పద్యం వచ్చినప్పుడల్లా ఆయన కర్ర భుజాన వేసుకుని కాటివైపు చూస్తూ నిలబడేవాడు. పక్కనుంచి మాస్టారు రాగం తీసేవారు. ఆ రాగం సాగినంతసేపూ ఆయన ముఖంలో కదిలిన దుఃఖం, చెంపల మీద కరిగి కిందికి జారిన రంగు నాకు నిన్న చూసినట్టే ఉన్నాయి. జనం వన్స్ మోర్ అన్నారు. మాస్టారు మళ్లీ పాడారు, ఆయన మళ్లీ ఏడ్చాడు. గొంతు ఎవరిదో పందిట్లో ప్రతివాళ్లకూ తెలుసు, అయినా ఎవరి కన్నీళ్లూ ఆగలేదు.

ఇన్నాళ్లూ నా కోపమంతా నిక్సన్ తరఫున ఉండేది. ‘ది కింగ్ అండ్ ఐ’లో డెబొరా కెర్‌కు, ఈ సినిమాలో నటాలీకి, ఆ తరువాత ‘మై ఫెయిర్ లేడీ’లో ఆడ్రీ హెప్‌బర్న్‌కు గొంతు ఇచ్చిన మనిషి ఆమె. ‘వెస్ట్ సైడ్ స్టోరీ’ పాటల రికార్డు అమ్మకాల్లో ఆమెకు వాటా ఇవ్వడానికి నిర్మాతలు ఒప్పుకోకపోతే, స్వరకర్త లెనార్డ్ బెర్న్‌స్టీన్ తన భాగంలోంచి పావు శాతం ఇచ్చాడు. అయితే ఇది రాస్తూ ఉంటే నా మనసు నటాలీవైపే మొగ్గుతోంది. నిక్సన్‌కు తాను చేస్తున్న పని ఏమిటో తెలుసు. నటాలీని మాత్రం మెచ్చుకుంటూనే మోసం చేశారు.

నటాలీ పాడిన పాత ట్రాకు ఇందాక వెతికి విన్నాను. పైస్థాయిలో ఆ గొంతు నిలబడడం లేదు, ఒప్పుకోవలసిందే. గొంతు మార్చడం సరైన నిర్ణయమే. ఆ మాట మొదటి రికార్డింగు నాడే ఆమెతో చెప్పి ఉంటే ఏమయ్యేది? కోపగించేదేమో, నాలుగు రోజులు రానని కూర్చునేదేమో. అప్పటికే ఆ సినిమా మీద ఒత్తిడి తక్కువేమీ లేదు. 1957లో బ్రాడ్వే మీద ఆ నాటకాన్ని నిలబెట్టిన జెరోమ్ రాబిన్స్ సినిమాకు సహదర్శకుడిగా వచ్చి, ఒక్కొక్క అడుగునూ పదే పదే తీయిస్తూ న్యూయార్క్ వీధుల్లో కఠినమైన తారురోడ్డు మీద నర్తకుల కాళ్లు దెబ్బతినేదాకా ఆడించాడు. ‘కూల్’ పాట పూర్తయ్యాక వాళ్లు తమ మోకాళ్ల పట్టీలను ఆయన ఆఫీసు ముందే తగలబెట్టారట. రోజులూ డబ్బూ అదుపు తప్పడంతో ఆయనను మధ్యలోనే పంపించేసి, మిగిలినది రెండో దర్శకుడు రాబర్ట్ వైజ్ చేత పూర్తి చేయించారు. అంత గొడవలో కథానాయికను కూడా నొప్పించడానికి ధైర్యం చాలలేదేమో. అర్థం చేసుకోగలను కానీ క్షమించాలని మాత్రం అనిపించడం లేదు.

ఆ సినిమాకు పది ఆస్కార్లు వచ్చాయి. దర్శకత్వపు బహుమతి వైజ్‌కూ రాబిన్స్‌కూ కలిపి ఇచ్చారు. పంపించేసిన మనిషి పేరును కూడా నిలిపి ఉంచారు, అది న్యాయమే. చివర్లో పేర్లన్నీ గోడల మీద, తలుపుల మీద పిల్లలు గీసిన రాతల్లా ఒక్కొక్కటే కనిపిస్తాయి. ఈసారి చిన్నదాని చేత ఆపించి ఆపించి చదివాను. వాటిలో మార్నీ నిక్సన్ పేరు లేదు.