క్వై నది వంతెన దగ్గర ఒక పూట

బ్యాంకాక్ వెళ్లే మనవాళ్లు ఎక్కువగా పట్టాయా, షాపింగ్‌తో సరిపెట్టేస్తారు గానీ, ఒక్కరోజు మిగిలితే క్వై నది వంతెన ఉన్న కాంచనబురి వెళ్లండి. మేం థోన్‌బురి స్టేషన్‌లో పొద్దున్నే రైలెక్కాం. ఏసీ లేదు, ఫ్యాన్లే, విదేశీయులకు టికెట్ 100 భాట్లు.

వంతెన మొదట చూసినప్పుడు మా బావమరిది "ఇంతేనా బావా?" అన్నాడు. నిజమే, మన గోదావరి వంతెనల ముందు ఇదెంత! పైన సెల్ఫీల గోల వదిలేసి కిందికి దిగి ఒడ్డు మీంచి చూస్తే అప్పుడు తెలుస్తుంది. ఇనుప స్పాన్లన్నీ (స్తంభానికీ స్తంభానికీ మధ్య ముక్కలు) పైన విల్లులా వంగి ఉంటాయి, మధ్యలో రెండు మాత్రం కోణాలు తేలి తిన్నగా ఉంటాయి. వంగినవి రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ సైన్యం జావా నుంచి విప్పి తెచ్చి బిగించినవి. 1945లో మిత్రరాజ్యాల బాంబులకు మధ్యవి నదిలో కూలాయి, యుద్ధం అయ్యాక ఆ ఖాళీలో పెట్టిన తిన్నటివి జపాన్ నుంచే వచ్చాయి.

బర్మాలోని తన సైన్యానికి సముద్రం మీద సరుకు పంపితే మధ్యలో సబ్‌మెరైన్ల భయం జపాన్‌కి, అందుకే థాయ్‌లాండ్ నుంచి బర్మాకి 415 కిలోమీటర్ల ఈ రైల్వే లైను 1942లో మొదలుపెట్టి 1943 అక్టోబరుకల్లా కలిపేశారు. దాన్ని తెంచడానికి మిత్రరాజ్యాల లిబరేటర్ బాంబర్ విమానాలు ఎక్కడి నుంచి వచ్చేవనుకున్నారు? మన బెంగాల్‌లోని పాండవేశ్వర్ లాంటి స్థావరాల నుంచి. పట్టాలు ఊడగొడితే మళ్లీ త్వరగానే వేసేస్తారు, వంతెన కూలితే మాత్రం వారాల తరబడి బండి కదలదు, కాబట్టి గురి వంతెనల మీదే. కానీ అంత సన్నటి దాన్ని పైనుంచి కొట్టడం మాటలు కాదు. బర్మా వంతెనల మీద ఎజాన్ అనే బాంబు వాడారు, పడుతుండగా రేడియోతో దాన్ని కుడికీ ఎడమకీ మాత్రమే తిప్పగలరు, ముందుకీ వెనక్కీ కుదరదు. వంతెన పొడుగునా ఎగురుతూ వదిలితే అదే చాలు కదా, కాస్త ముందు పడినా వెనక పడినా వంతెన మీదే పడుతుంది. ఎవరి బుర్రో గానీ!

అయితే కింద ఉన్నదెవరు? వంతెన పక్కనే యుద్ధఖైదీల క్యాంపు. బ్రిటిష్, ఆస్ట్రేలియన్, డచ్ సైనికులు. 1944 నవంబరులో తమవాళ్లు వేసిన బాంబులే క్యాంపులో పడి కొందరు చచ్చిపోయారు. మిగిలినవాళ్లేమో విమానాలు వెళ్లిపోగానే విరిగిందంతా మళ్లీ కట్టాలి. నాకు ఈ ముక్క దగ్గరే మనసు ఆగిపోయింది. అలాంటిది ఏటా నవంబరు చివర్లో ఇక్కడ ఆ బాంబుదాడినే టపాసులు, లైట్లతో షోగా వేస్తారట, టికెట్ కొని చూసేంత సరదా నాకైతే లేదు.

ఊళ్లోని యుద్ధ శ్మశానంలో ఖైదీల సమాధులు దాదాపు 7 వేలు, ఒక్కోదాని మీద పేరు, వయసు, దళం. 22, 24, 23... అన్నీ చిన్న వయసులే. మరి ఈ లైను కట్టడానికి ఖైదీలతో పాటు మలయా (ఇప్పటి మలేషియా) రబ్బరు తోటల నుంచి పట్టుకొచ్చిన కూలీలో? తమిళులే ఎక్కువ, మన తెలుగువాళ్లూ ఉన్నారు. ఖైదీలు 12 వేలకు పైగా పోతే, ఆసియా కూలీలు అంతకు ఎన్నో రెట్లు పోయారు, వాళ్లకి ఈ శ్మశానంలో ఒక్క రాయి లేదు. శ్మశానం పక్కనే ఉన్న రైల్వే మ్యూజియంలో వాళ్ల గురించి కాస్త ఉంది. ముందు అది చూసి తర్వాత వంతెన దగ్గరికి వెళ్లండి, మాలాగా "ఇంతేనా" అనరు.